శంషాబాద్ టు దుబాయ్: దూరం ఎంత, టైమ్ ఎంత, టికెట్ మీద తేదీ ఎట్ల చదవాలి?

ఈ రోజు టాపిక్ వినంగానే "గింతేనా" అనిపిస్తది. హైదరాబాద్ నుంచి దుబాయ్ ఎంత దూరం, ఫ్లయిట్ ఎన్ని గంటలు? గూగుల్‌లో కొడితే రెండు సెకన్లలో వస్తది కదా, దీనికి వీడియో ఎందుకు అంటారేమో. ఒకసారి కొట్టి చూడండి. ఒక సైట్‌లో 2,550 అని ఉంటది, ఇంకో దాంట్ల 1,582, మూడో దాంట్ల 1,375. టైమ్ చూస్తే ఒక చోట మూడు గంటలు, ఒక చోట నాలుగు. తీరా టికెట్ చేతికొచ్చినంక చూస్తే పొద్దున పదింటికి బయల్దేరి పన్నెండు ఇరవైకి దిగుతున్నట్టు ఉంటది. అంటే రెండు గంటల ఇరవై నిమిషాలేనా? మరి మిగతావాళ్లంతా నాలుగు గంటలు అని ఎందుకంటున్నరు?

మాది భీమ్‌గల్. మా దిక్కు దుబాయ్ అంటే టూరిస్ట్ ప్లేస్ కాదు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మన దగ్గర ఊరికే అనరు. భీమ్‌గల్, మోర్తాడ్, కమ్మర్‌పల్లి, వేల్పూర్, ఏ ఊరికి పోయినా గల్ఫ్‌ల ఒక మనిషి లేని వాడకట్టు దొరకదు. మా పెద్దోళ్ల కాలంలో అయితే నిజామాబాద్‌ల దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ముంబై పోయి, అక్కడ రోజులకు రోజులు ఉండి ఫ్లయిట్ ఎక్కెటోళ్లు. ఇప్పుడు శంషాబాద్ నుంచి డైరెక్ట్. ప్రయాణం సులువైంది గానీ టికెట్ చదువుడు మాత్రం చాలా మందికి ఇంకా కష్టమే. ఆ చదువుడు తప్పితే ఏమైతదో మధ్యలో చెప్తా, అది మాత్రం స్కిప్ చేయకండి.

ముందు దూరం. పైన చెప్పిన మూడు నంబర్లూ కరెక్టే. 2,550 కిలోమీటర్లు, 1,582 మైళ్లు, 1,375 నాటికల్ మైళ్లు. మూడూ ఒకటే దూరం, కొలత వేరు. ఒక మైలు అంటే 1.609 కిలోమీటర్లు, ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. విమానాలోళ్లు, ఓడలోళ్లు నాటికల్ మైళ్లు వాడతరు. సైట్‌లో నంబర్ పక్కన చిన్న అక్షరాలు చూడకుండా స్క్రీన్‌షాట్ తీసి గ్రూపుల పెడితే ఇగ లొల్లి షురూ.

మరి ఈ 2,550 ఎట్ల వచ్చింది? ఎవరో టేప్ పట్టి కొలవలేదు. భూమి మీద ప్రతి చోటికీ రెండు నంబర్లు ఉంటయి, అక్షాంశం, రేఖాంశం. గూగుల్ మ్యాప్స్‌ల వేలు నొక్కి పట్టుకుంటే పిన్ పడి ఆ నంబర్లు చూపిస్తది. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ 17.24, 78.43. దుబాయ్ ఎయిర్‌పోర్ట్ 25.25, 55.36. ఈ నాలుగు నంబర్లు ఉంటే చాలు.

ఫస్ట్ ఈజీ లెక్క చేద్దాం. భీమ్‌గల్ దాదాపు 18.70, 78.46. శంషాబాద్‌ది 17.24, 78.43. రెండో నంబర్ చూడండి, దాదాపు ఒకటే. అంటే భీమ్‌గల్ నుంచి శంషాబాద్ నిట్టనిలువుగా దక్షిణం దిక్కు ఉందన్నట్టు. అక్షాంశంల ఒక డిగ్రీ అంటే 111 కిలోమీటర్లు, ప్రపంచంల ఎక్కడైనా దాదాపు అంతే. 18.70ల నుంచి 17.24 తీసేస్తే 1.46. దాన్ని 111తో గుణిస్తే 162 కిలోమీటర్లు. పక్షి లెక్క నేరుగా పోతే అంతే. మనం పక్షులం కాదు కాబట్టి 44 నంబర్ హైవే ఎక్కి, కామారెడ్డి దాటి, మేడ్చల్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్ పట్టుకొని తిరిగి పోతే 200 దాటుతది.

రేఖాంశం దగ్గర చిన్న మెలిక. భూమధ్యరేఖ మీద రేఖాంశంల ఒక డిగ్రీ కూడా 111 కిలోమీటర్లే. కానీ ఉత్తరం దిక్కు పోయిన కొద్దీ గీతలు దగ్గరికి వస్తయి, ధ్రువం దగ్గర అన్నీ ఒక్క చుక్కలో కలుస్తయి. సంత్ర పండు తొనలు యాదికి తెచ్చుకోండి, నడుమ వెడల్పు, కొసకు సన్నం. హైదరాబాద్ దగ్గర ఒక డిగ్రీ 106 కిలోమీటర్లు, దుబాయ్ దగ్గర 100. మన దారి మధ్యల సుమారు 103.5 అనుకోండి.

ఇప్పుడు ఫోన్‌ల కాలిక్యులేటర్ తీయండి. అక్షాంశాల తేడా 8.01, ఇంటూ 111, వచ్చేది 889. రేఖాంశాల తేడా 23.07, ఇంటూ 103.5, వచ్చేది 2,388. ఉత్తరానికి 889, పడమరకు 2,388. లంబకోణ త్రిభుజం వచ్చింది కదా, టెన్త్ క్లాసు పైథాగరస్. రెండిటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 2,548. పెద్ద సైట్లు చెప్పే నంబర్‌కు రెండు కిలోమీటర్లే తేడా. సాఫ్ట్‌వేర్‌ల దీన్ని ఇంకా కచ్చితంగా చేసే హావర్‌సైన్ ఫార్ములా అని ఒకటుంది, మీ క్యాబ్ యాప్ "డ్రైవర్ మీకు 2 కిలోమీటర్ల దూరంలో ఉన్నారు" అని చెప్పేది కూడా ఇలాంటి లెక్కతోనే మొదలైతది. బీటెక్‌లో ఇలాంటివి ఎగ్జామ్ కోసం బట్టీ పట్టి మర్చిపోతాం, అది వేరే సంగతి.

ఒక జాగ్రత్త. ఈ పైథాగరస్ ట్రిక్ దగ్గరి దూరాలకే. మన ఊళ్ల నుంచి అమెరికాకు పోయేటోళ్లు కూడా చాలా మంది ఉన్నరు కదా, అక్కడ ఇది పనిచేయదు. 2021 జనవరి 15న ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి చికాగోకు డైరెక్ట్ ఫ్లయిట్ మొదలుపెట్టింది, బోయింగ్ 777 లాంగ్ రేంజ్ విమానంతో. లెక్క ప్రకారం ఆ దూరం దాదాపు 13,280 కిలోమీటర్లు. గోడ మీది మ్యాప్‌ల చూస్తే చికాగో మనకు పడమర దిక్కు ఉన్నట్టు ఉంటది, దుబాయ్ మీదుగా, యూరప్ మీదుగా పోవాలె అనిపిస్తది. ఒక గ్లోబు గానీ, లేకపోతే ఒక బంతి గానీ తీసుకొని, రెండు ఊళ్ల మధ్య దారం బిగ్గర లాగి పట్టుకోండి. దారం పడమరకు పోదు. హైదరాబాద్ నుంచి దాదాపు ఉత్తరానికే పోయి, ఆర్కిటిక్‌ల 79 డిగ్రీల దాకా ఎక్కి, అవతలి దిక్కు దిగి చికాగో చేరుతది. గుండ్రటి దాని మీద దగ్గరి దారి అంటే అదే, దాన్నే గ్రేట్ సర్కిల్ అంటరు. మ్యాప్ కాగితం చదునుగా ఉంటది కాబట్టి మన కండ్లను మోసం చేస్తది. దుబాయ్ దారిలో ఈ వంపు చాలా తక్కువ. మహారాష్ట్ర, గుజరాత్‌లో సౌరాష్ట్ర, ఇగ అరేబియా సముద్రం, ఒమన్ దిక్కు నుంచి దుబాయ్. నిజం రూట్ రోజుకు కొంచెం అటిటు ఉంటది, ఏటీసీ వాళ్లు చెప్పినట్టు పోవాలె కాబట్టి.

సరే, టైమ్‌కు వద్దాం. ఎయిర్‌బస్ ఎ320, బోయింగ్ 737 లాంటి విమానాలు పైన గంటకు సుమారు 830 కిలోమీటర్ల వేగంతో పోతయి. 2,550 భాగించు 830 అంటే మూడు గంటల నాలుగు నిమిషాలు. ఇంటర్నెట్‌ల "మూడు గంటలు" అని చెప్పే సైట్లన్నీ దాదాపు ఈ భాగాహారం చేసినయే. అవి ఏ ఎయిర్‌లైన్‌నూ అడగలేదు, ఒక వేగం అనుకొని భాగించినయి, అంతే.

టికెట్ మీద ఉండేది వేరే లెక్క. గేట్ దగ్గర విమానం కదిలిన నిమిషం నుంచి, అవతల గేట్ దగ్గర ఆగిన నిమిషం దాకా. దాన్ని బ్లాక్ టైమ్ అంటరు. ఇందులో రన్‌వే దాకా నెమ్మదిగా పోవుడు, లైన్ల నిలబడుడు, పైకి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తక్కువ స్పీడ్, అన్నీ కలుస్తయి. శంషాబాద్ రన్‌వే తూర్పు పడమర. గాలిని బట్టి తూర్పుకు ఎగిరితే, అక్కడి నుంచి ఒక యూటర్న్ కొట్టి పడమరకు తిరగాలె. దుబాయ్ బాగా బిజీ ఎయిర్‌పోర్ట్, దిగే ముందు పైన రౌండ్లు కొట్టిచ్చుడు కూడా ఉంటది. ఇవన్నీ కలిపి, కొంచెం ఎక్స్‌ట్రా కూడా పెట్టుకొని ఎయిర్‌లైన్ షెడ్యూల్ రాసుకుంటది. అందుకే ఒక్కోసారి పావుగంట ముందే దిగినం అని కెప్టెన్ ఖుషీగా అనౌన్స్ చేస్తడు.

ఇంకోటి గాలి. మన అక్షాంశాలకు కొంచెం ఉత్తరాన, పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తుల, చలికాలంల పడమర నుంచి తూర్పుకు గట్టి గాలులు వీస్తయి. దుబాయ్ పోయేటప్పుడు అవి ఎదురు, వచ్చేటప్పుడు వెనక నుంచి నూకుతయి. ఎదురుగాలి 80 అనుకోండి, 830ల నుంచి 80 పోతే నేల మీద లెక్కకు 750. దూరం దాటడానికి మూడు గంటల ఇరవై నాలుగు నిమిషాలు. తిరిగి వచ్చేటప్పుడు 910, అంటే రెండు గంటల నలభై ఎనిమిది. ఒకటే దూరం, అరగంటకు పైన తేడా. వానాకాలంల ఈ గాలుల తీరు మారుతది, దక్షిణాన తూర్పు గాలులు వస్తయి, అప్పుడు పోయే రాకడల తేడా తగ్గుతది. పొలం గట్టు మీద ఎదురుగాలికి సైకిల్ తొక్కినోళ్లకు దీన్ని ఎక్కువ వివరించే పని లేదు.

కాబట్టి డైరెక్ట్ ఫ్లయిట్‌కు పోయేటప్పుడు మూడు ముప్పావు, నాలుగు గంటల దగ్గర, వచ్చేటప్పుడు మూడున్నర దగ్గర అనుకోండి. భీమ్‌గల్ నుంచి శంషాబాద్ చేరడానికి కూడా ఇంచుమించు అంతే పడ్తది. నాకు ఇదే తమాషా అనిపిస్తది. రెండు వందల చిల్లర కిలోమీటర్లకు ఒక నాలుగు గంటలు, రెండున్నర వేలకు ఇంకో నాలుగు. జక్రాన్‌పల్లిలో ఎయిర్‌పోర్ట్ అని మనం ఎప్పటి నుంచో వింటున్నం. అది అయితే ఈ మొదటి నాలుగు గంటల కథ మారుతది, అయ్యేదాకా మాత్రం రోడ్డే.

ఇప్పుడు గడియారం. సూర్యుడు ముందు మనకు కనిపించి, తర్వాత దుబాయ్‌కు పోతడు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతది. దుబాయ్ మనకంటే 23 డిగ్రీలు పడమర. 23 భాగించు 15 అంటే గంటన్నర. గడియారాల తేడా కూడా సరిగ్గా గంటన్నరే. మనది గ్రీనిచ్ కంటే ఐదున్నర గంటలు ముందు, వాళ్లది నాలుగు గంటలు ముందు. మనకు పొద్దున పది అయితే అక్కడ ఎనిమిదిన్నర.

టికెట్ మీద రూల్ ఒకటే. బయల్దేరే టైమ్ బయల్దేరే ఊరిది, దిగే టైమ్ దిగే ఊరిది. ఇందాకటి టికెట్ చూడండి. పదింటికి ఎక్కి పన్నెండు ఇరవైకి దిగినం. గడియారంల రెండు ఇరవై, దానికి గంటన్నర కలిపితే మూడు గంటల యాభై నిమిషాలు. అసలు ప్రయాణం అది. వచ్చేటప్పుడు ఉల్టా. దుబాయ్‌ల రాత్రి పది పావుకు ఎక్కితే తెల్లారి మూడు పావుకు శంషాబాద్. చూడ్డానికి ఐదు గంటలు, గంటన్నర తీసేస్తే మూడున్నర. పోయేటప్పుడు కలపాలె, వచ్చేటప్పుడు తీసేయాలె. షార్జా, అబూధాబీ, మస్కట్‌కు ఇదే గంటన్నర. సౌదీ, కువైట్, ఖతర్, బహ్రెయిన్ అయితే తేడా రెండున్నర గంటలు. గల్ఫ్ దేశాల్లో ఎండాకాలం గడియారం జరుపుడు లేదు, ఏడాదంతా ఇదే. అమెరికాల ఉంది, అందుకే చికాగోకు చలికాలంల పదకొండున్నర, ఎండాకాలంల పదిన్నర గంటల తేడా.

స్కిప్ చేయకండి అన్నది ఇది. గల్ఫ్ ఫ్లయిట్లు అర్ధరాత్రి చాలా ఉంటయి. టికెట్ మీద 15వ తేదీ, 00:40 అని ఉందనుకోండి. చాలా మంది ఏమనుకుంటరు? 15వ తేదీ, రాత్రి, పన్నెండు నలభై. అంటే 15న పొద్దంతా ఇంట్ల ఉండి, చుట్టాలందరికీ చెప్పి, మాపటికి బండి కట్టించుకొని బయల్దేరుతరు. అది తప్పు. 15వ తేదీ అనేది 14 రాత్రి పన్నెండు దాటంగానే మొదలైంది. ఆ ఫ్లయిట్ 14 రాత్రి పడుకునే టైమ్‌ల పోతది. మనం 15 రాత్రి చేరేసరికి అది పోయి దాదాపు ఒక రోజు అయిపోయింది.

మా దిక్కు ఇట్లాంటి కథ తెలియని ఊరు తక్కువ. నాకు తెలిసిన ఒక ఇంట్ల, పిల్లగాడు ఫస్ట్ టైమ్ పోతున్నడు. అమ్మ సకినాలు, పచ్చడి కట్టింది, బాపు మిత్తికి తెచ్చిన పైసలతోటి టికెట్ కొన్నడు. లింబాద్రి గుట్టకు పోయి నర్సింహస్వామికి మొక్కి వచ్చిండ్రు. జీపుల తొమ్మిది మంది శంషాబాద్ దాకా పోయిండ్రు. గేట్ దగ్గర సెక్యూరిటీ ఆయన టికెట్ చూసి, "బాబూ, ఇది నిన్నటిది" అన్నడు. టికెట్ పైసలు ఏమీ తిరిగి రాలేదు, కొత్త టికెట్‌కు మళ్లీ అప్పు. తేదీ రాసినోడిది తప్పు కాదు, చదివినోడు తెలివి లేనోడు కూడా కాదు. మన భాషల "ఇయ్యాల రాత్రి" అంటే పండుకొని లేచేదాకా ఇయ్యాలే. టికెట్‌కు మాత్రం పన్నెండు కొట్టంగానే రేపు అయిపోతది. గొడవంతా అక్కడే ఉంది.

కాబట్టి టైమ్ 00:00 నుంచి 04:00 మధ్య ఉంటే, తేదీల నుంచి ఒకటి తీసేసి "ఆ రాత్రి" అనుకోండి. 15వ తేదీ 00:40 అంటే 14 రాత్రి. 12:40 ఏఎం అని రాసినా అదే. 12:40 పీఎం అంటే మాత్రం మధ్యాహ్నం. ఇంట్ల అమ్మకు, బాపుకు చెప్పేటప్పుడు తేదీతో చెప్పకండి, వారంతో చెప్పండి, "సోమారం రాత్రి" అని. అప్పుడు ఎవరూ గడబిడ పడరు.

ఇగ వెనక నుంచి లెక్క పెట్టండి. 00:40కి ఫ్లయిట్. మూడు గంటల ముందు ఎయిర్‌పోర్ట్‌ల ఉండాలె, అంటే 14 రాత్రి తొమ్మిది నలభై. చాలా ఎయిర్‌లైన్లు ఇంటర్నేషనల్ కౌంటర్‌ను గంట ముందే మూసేస్తయి, కొన్ని ఇంకా ముందు, టికెట్ కింద రాసి ఉంటది చూస్కోండి. భీమ్‌గల్ నుంచి రోడ్డు మీద ఐదు గంటలు వేసుకోండి, టైర్ పంచర్, ట్రాఫిక్, ఛాయ్, వీటికి ఇంకో గంట. అంటే మధ్యాహ్నం మూడు నలభైకి ఇంటి నుంచి కదలాలె. బోధన్ దిక్కు నుంచి వచ్చేటోళ్లు నిజామాబాద్ దాటే టైమ్ ఇంకొంచెం కలుపుకోండి.

ఎయిర్‌పోర్ట్ కోడ్ కూడా చూడండి. ఏజెంట్ "దుబాయ్ టికెట్" అంటడు. టికెట్ మీద డీఎక్స్‌బీ ఉంటేనే దుబాయ్ ఇంటర్నేషనల్. ఎస్‌హెచ్‌జే అంటే షార్జా, అది పక్కనే. ఏయూహెచ్ అంటే అబూధాబీ, అక్కడి నుంచి దుబాయ్‌కు రోడ్డు మీద వంద కిలోమీటర్ల పైనే. డీడబ్ల్యూసీ అంటే దుబాయ్‌లనే ఊరవతల ఉన్న రెండో ఎయిర్‌పోర్ట్. తీసుకపోవడానికి వచ్చే అన్న ఒక చోట, మీరు ఇంకో చోట, చేతిల ఆ దేశం సిమ్ లేదు. కాబట్టి ఆ మూడు అక్షరాలు ముందే అన్నకు పంపండి. మధ్యల ఎక్కడో ఆగి పోయే ఫ్లయిట్ అయితే ఈ రెండున్నర వేల కిలోమీటర్ల లెక్క మొత్తం పక్కన పెట్టండి. తొమ్మిది గంటలు కావచ్చు, పద్దెనిమిది కావచ్చు. టికెట్‌ల "టోటల్ డ్యూరేషన్" అని ఉన్నదొక్కటే నమ్మండి.

లాస్ట్‌ది, ఇంట్ల ఉన్నోళ్ల కోసం. ఫ్లయిట్‌రాడార్24 లాంటి యాప్‌ల ఫ్లయిట్ నంబర్ కొడితే విమానం ఎక్కడ పోతుందో కనిపిస్తది. ఆ విమానం తన స్థానం, ఎత్తు, వేగం రేడియోల పంపుతుంటది, కింద నేల మీద పెట్టిన రిసీవర్లు అది పట్టుకొని యాప్‌కు ఇస్తయి. సముద్రం మీద రిసీవర్లు పెట్టలేరు కదా. ఒడ్డు నుంచి బాగా లోపలికి పోయినంక సిగ్నల్ అందకపోవచ్చు. అప్పుడు యాప్ అంచనాగా బొమ్మను నడిపిస్తది, లేకపోతే మ్యాప్ మీద నుంచి తీసేస్తది. గుజరాత్ దాటినంక అరేబియా సముద్రం మీద అట్ల జరిగే అవకాశం ఉంది. అది చూసి అర్ధరాత్రి అమ్మలు ఏడ్చి ఫోన్లు చేసిన సందర్భాలు నాకు తెలుసు. విమానానికి ఏం కాలేదు. ఒమన్ దిక్కు ఒడ్డు దగ్గరకు రాంగానే మళ్లీ కనిపిస్తది. దిగినంక కూడా ఇమిగ్రేషన్ లైన్ దాటి, ఫోన్‌కు వైఫై దొరికి, "దిగినా అమ్మా" అని మెసేజ్ పెట్టేసరికి ఇంకో గంట, గంటన్నర పడ్తది.

నెక్స్ట్ ఎపిసోడ్‌ల బ్యాగేజీ చూద్దాం. 30 కిలోలు అని రాసి ఉన్నా పచ్చడి డబ్బా దగ్గర ఎందుకు ఆపుతరు, ఏది హ్యాండ్ బ్యాగ్‌ల పెట్టాలె, ఏది కింద వేయాలె, అవన్నీ.